ఆ సూది సంగతి అత్తమ్మకు ముందే చెప్పాల్సింది

ఇటు వచ్చి చాలా రోజులైంది. ఎప్పుడూ పచ్చళ్ళ గురించో, పిల్లల పరీక్షల గురించో రాసే నేను ఈసారి ఒక సూది గురించి రాస్తున్నాను. రాయాలా వద్దా అని రెండు నెలలు ఆలోచించాను. చివరికి మామయ్యనూ అత్తమ్మనూ అడిగాను. "రాయి బిడ్డా, పేర్లు మాత్రం పెట్టకు" అన్నారు మామయ్య. "నేనన్న మాట గూడ రాయి" అంది అత్తమ్మ. అందుకే ధైర్యం చేస్తున్నాను.

2024 డిసెంబర్. వరంగల్‌లో చలి గట్టిగానే ఉంది. రాత్రి రెండింటికి హాల్లో ఫ్యాన్ చప్పుడు వినిపిస్తే లేచి చూశాను. మామయ్య ఫ్యాన్ కింద కుర్చీలో కూర్చుని ఉన్నారు. బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది. నన్ను చూడగానే తువ్వాల ఛాతీ మీదికి లాక్కున్నారు. "ఏం లేదు బిడ్డా, పోయి పండుకో" అన్నారు. అప్పటికి వారం నుంచి ఆయన పక్క హాల్లోనే. నలభై ఆరేళ్ళ కాపురంలో ఎవరైనా ఊరెళ్తే తప్ప వాళ్ళిద్దరూ వేరు వేరు గదుల్లో పడుకున్నది లేదు. లోపల అత్తమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోవడం లేదని నాకు తెలుస్తూనే ఉంది.

కొంచెం వెనక్కి వెళ్తాను. మామయ్య ఎనుమాముల మార్కెట్లో ముప్పై అయిదేళ్ళు ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా చేశారు. మిర్చి సీజన్లో ఆ ఘాటులో పొద్దంతా నిలబడి లెక్కలు రాసిన మనిషి. నడుం నొప్పి అంటే గద్దె మీద కూర్చుని కూర్చుని వచ్చిందే అనుకున్నాం. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నారంటే వయసు అనుకున్నాం. నొప్పి తొడలోకి దిగాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే పీఎస్ఏ అనే రక్తపరీక్ష చేయించారు. మామూలుగా 4 లోపు ఉండాలంటారు. మామయ్యకు 180 దాటింది. తరువాత బయాప్సీ, ఎముకల స్కాన్. ప్రోస్టేట్ క్యాన్సర్ అప్పటికే వెన్నులోకీ తుంటిలోకీ పాకింది. రిపోర్టు సద్దుల బతుకమ్మకు ముందురోజు చేతికొచ్చింది. ఆ ఏడు మా వాకిట్లో బతుకమ్మను పేర్చాం గానీ ఎవరమూ సరిగ్గా పాడలేదు.

హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు మా ఆయనను పక్కకు పిలిచి అయిదు నిమిషాలు మాట్లాడారు. నేనూ అత్తమ్మా బయట బెంచీ మీద కూర్చున్నాం. మామయ్య లోపలే ఉన్నారు గానీ ఆయనతో కాదు, కొడుకుతోనే మాటలన్నీ. బయటికొచ్చి మా ఆయన చెప్పింది ఒక్కటే. "హార్మోన్ సూది ఇస్తరంట, మూడు నెలలకోసారి. కీమో అక్కర్లేదంట ఇప్పుడే." కీమో లేదన్న మాటకే మేము దేవుడికి దండం పెట్టుకున్నాం. జుట్టు ఊడదు, వాంతులుండవు, మూడు నెలలకో సూది, అంతే కదా అనుకున్నాం.

ఆ సూది ఏం చేస్తుందో ఆ రోజు మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

తరువాత నేను తెలుసుకున్నది చెబుతాను. ప్రోస్టేట్ గ్రంథి మగవాళ్ళకు మూత్రాశయం కింద ఉంటుంది. అందులో పుట్టే క్యాన్సర్‌కు టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోనే మేత. ఈ సంగతి 1941లో అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయంలో ఛార్లెస్ హగ్గిన్స్ అనే సర్జన్, ఆయనతో పనిచేసిన హాడ్జెస్ బయటపెట్టారు. వృషణాలు తీసేసినా, ఆడ హార్మోను ఇచ్చినా ఒళ్ళంతా పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గుముఖం పట్టడం, మంచం పట్టిన వాళ్ళకు ఎముకల నొప్పి తగ్గడం వాళ్ళు చూశారు. క్యాన్సర్ తన ఇష్టం వచ్చినట్టు పెరుగుతుందనీ, దాన్ని ఆపేది కోతా రేడియేషనేననీ అనుకునే రోజులవి. పాతికేళ్ళ తరువాత 1966లో హగ్గిన్స్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

సూది కథ వేరు. టెస్టోస్టిరాన్ తయారయ్యేది ఎక్కువగా వృషణాల్లోనే అయినా హుకుం వచ్చేది మెదడు నుంచి. మెదడు ఒక చిన్న హార్మోనుతో పిట్యూటరీ గ్రంథికి కబురు పంపుతుంది, ఆ గ్రంథి వృషణాలకు చెబుతుంది. మెదడు పంపే ఆ హార్మోను రూపం తెలుసుకోవడానికి ఆండ్రూ షాలీ లక్షల పందుల మెదళ్ళ మీద, రోజర్ గిల్మాన్ లక్షల గొర్రెల మెదళ్ళ మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. 1977లో వాళ్ళిద్దరికీ నోబెల్ వచ్చింది. దాన్ని పోలిన మందులే ల్యూప్రొలైడ్, గోసెరెలిన్ లాంటివి. అమెరికాలో ల్యూప్రొలైడ్‌కు 1985లో అనుమతి వచ్చింది.

చిత్రమేమిటంటే ఈ మందు ఆ కబురును ఆపదు, ఆగకుండా పంపుతూనే ఉంటుంది. గేటు దగ్గర నిలబడి ఎవరో పొద్దస్తమానం పిలుస్తూనే ఉంటే లోపలివాళ్ళు కొన్నాళ్ళకు పలకడం మానేస్తారు చూడండి, పిట్యూటరీ కూడా అలాగే ఊరుకుంటుంది. వృషణాలకు హుకుం ఆగిపోతుంది. రెండు మూడు వారాల్లో టెస్టోస్టిరాన్ దాదాపు అడుగంటుతుంది. మొదటి వారాల్లో మాత్రం తగ్గడానికి బదులు కాస్త పెరుగుతుంది. ఎముకల్లోకి పాకిన వాళ్ళకు అది ప్రమాదం. అందుకే బైకాలుటమైడ్ లాంటి మాత్రలు ముందే మొదలుపెడతారు. మామయ్యకూ అలాగే ఇచ్చారు. డెగారెలిక్స్ అనే ఇంకో రకం సూది ఆ కబురునే నేరుగా అడ్డుకుంటుంది కాబట్టి దానితో ఈ మొదటి పెరుగుదల ఉండదు.

మందు బాగా పనిచేసింది. నొప్పి నెలలోనే తగ్గింది. మూడు నెలలకు పీఎస్ఏ 180 నుంచి 3కు దిగింది. చిట్టా పుస్తకాలు రాసిన చెయ్యి కదా, మామయ్య ఒక ఎర్ర అట్ట పుస్తకంలో సూది తేదీ, పీఎస్ఏ, ఖర్చు వరుసగా రాసుకున్నారు. ఆ పుస్తకం చూసి మేమంతా సంతోషించాం. ఆ పుస్తకంలో రాయనివి వేరే ఉన్నాయి.

టెస్టోస్టిరాన్ క్యాన్సర్‌కే కాదు, మనిషికీ కావాలి. అది పోతే ఏమవుతుంది? ఒంట్లోంచి ఉన్నట్టుండి వేడి ఆవిర్లు లేస్తాయి, ముఖం ఎర్రబడి చెమటలు పోస్తాయి, వెంటనే చలేస్తుంది. కండ తగ్గి పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది. కొందరికి రొమ్ములు ఉబ్బి నొప్పి పెడతాయి. ఊరికే అలసట, ఊరికే కోపం, ఊరికే ఏడుపు. ఎముకలు పలచబడతాయి. షుగరు, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. కోరిక చచ్చిపోతుంది, సంసార జీవితం ఆగిపోతుంది. ఇది మందు వికటించడం కాదు. మందు తన పని తాను చేస్తోందనడానికి గుర్తు.

ఇవన్నీ మా ఇంట్లో ఒక్కొక్కటే జరిగాయి. ఒక్కోదానికి మేము ఒక్కో తప్పు అర్థం చెప్పుకున్నాం. ఫ్యాన్ వేసుకుంటే చాదస్తం అన్నాం. టీవీలో ఏదో సీరియల్ చూసి కళ్ళు తుడుచుకుంటే చావు భయం అన్నాం. అన్నం పళ్ళెం నెట్టేస్తే ముసలితనం అన్నాం. పిల్లలు నవ్వుతూ "తాత పొట్ట" అంటే మేమూ నవ్వాం. అందరికంటే ఎక్కువ తప్పుగా అర్థం చేసుకున్నది అత్తమ్మ. హాల్లోకి మారిన పక్క, ఆమె చెయ్యి తగిలితే ఉలిక్కిపడి జరిగిపోవడం, ముఖం చూసి మాట్లాడకపోవడం. ఇన్నేళ్ళ కాపురం తరువాత తనంటే రోత పుట్టిందనుకుంది. ఎవరితో చెప్పుకుంటుంది? భద్రకాళి గుడికి శుక్రవారం శుక్రవారం వెళ్ళి రావడం మొదలుపెట్టింది. నాతో కూడా ఏమీ అనలేదు.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. జనవరిలో రెండో సూది హనుమకొండలోనే ఒక చిన్న క్లినిక్‌లో వేయించాం. అక్కడ నర్సమ్మ సూది వేసి, బయట నన్ను పట్టుకుని అడిగింది. "అమ్మా, తాతకు వేడి ఆవిర్లు వస్తున్నయా? చిరాకు పడుతున్నడా?" నేను నోరు తెరిచాను. రెండు నిమిషాల్లో ఆమె చెప్పింది విన్నాక ఇంటికొచ్చి మందు పెట్టెలోని కాగితం విప్పి చదివాను. అంతా అందులో ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో. రాత్రి మా ఆయనకు చెప్పాను. ఆయన చాలాసేపు ఊరుకుని, "అమ్మకు చెప్పకు, బాధపడ్తది" అన్నాడు.

నేను చెప్పలేదు. సిగ్గు కూడా అడ్డొచ్చింది. అత్తగారితో మామగారి గురించి ఆ మాట ఎలా ఎత్తుతాం? మూడు నెలలు, కళ్ళముందు ఆమె కుమిలిపోతుంటే, కారణం తెలిసీ నోరు మూసుకున్నాను. చెబితే బాధపడుతుందని ఆగాం. చెప్పనందుకు అంతకు పదింతలు బాధపడింది.

ఏప్రిల్‌లో మూడో సూది రోజు వచ్చింది. మామయ్య రానన్నారు. "నాకొద్దు. ఇంక చాలు" అన్నారు. మా ఆయన బతిమాలాడు. బావగారు కరీంనగర్ నుంచి ఫోన్ చేశారు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. "సూది వద్దంటే ఆపరేషన్ చేయించేద్దాం నాన్నా, తీసేస్తే ఒక్కసారితో పీడ పోతది, ప్రతి మూడు నెలలకు ఖర్చు గూడ ఉండది" అన్నారు. చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదు. కానీ ఆ హాల్లో కోడళ్ళం ఉన్నాం, మనవరాలు ఉంది. మామయ్య తల వంచుకున్నారు. "నన్ను మగోడిగ ఉంచద్దని అందరు కల్సి అనుకున్నరా" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. మార్కెట్లో వందమంది మధ్య లెక్క తేల్చిన గొంతు అది.

అప్పుడు నేను అత్తమ్మను వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపేసి అంతా చెప్పాను. సిగ్గుపడుతూనే, నేల చూస్తూనే చెప్పాను. సూది ఏం చేస్తుందో, ఎందుకు చెమటలో, ఎందుకు ఏడుపో, పక్క ఎందుకు మారిందో. అత్తమ్మ విని, స్టవ్ మీద పాలు పొంగిపోతుంటే కూడా చూడకుండా నిలబడింది. తరువాత అన్న మాట ఇదే, రాయమన్నది కూడా ఇదే.

"ఇంతేనా? నాకు ముట్టు ఆగినప్పుడు గిట్లనే కాలేదా? నాలుగేండ్లు ఒళ్ళంత మండింది. రాత్రి లేసి బావి కాడ కూసున్న. ఒక్కరన్న అడిగిండ్రా? ఆయనకు తెల్వది, నాకు తెల్సు కదా. నాకు చెప్తే నేను చెప్పకపోదునా ఆయనకు!"

చీర కొంగుతో చేతులు తుడుచుకుని హాల్లోకి వెళ్ళి అందరినీ బయటికి పొమ్మంది. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నాకు అక్కర్లేదు కూడా. గంట తరువాత మామయ్య చొక్కా తొడుక్కుని వచ్చి "ఆటో పిలువు బిడ్డా" అన్నారు. ఆ రోజు సూది గదిలోకి అత్తమ్మ కూడా వెళ్ళింది.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. మొదటి సూది వేయకముందే ఈ మందు ఏం చేస్తుందో రోగికి తెలియాలి, భార్యకు తెలియాలి. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి, తెలుగులో, వాళ్ళకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. కొడుక్కి వరండాలో చెప్పడం చెప్పినట్టు కాదు. పక్క పంచుకునేది, చెమట తుడిచేది, కోపం భరించేది, పథ్యం వండేది భార్య. ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి వైద్యం మొదలుపెట్టడం అన్యాయం. డాక్టర్లకు టైం ఉండదు, నిజమే. మా నర్సమ్మకు పట్టింది రెండు నిమిషాలు.

"చెబితే భయపడి మందు మానేస్తారు" అంటారు కొందరు. మా ఇంట్లో చెప్పకపోవడం వల్లే మానేయబోయారు. తనకేమవుతోందో తెలియని మనిషి తనలోనే ఏదో లోపం ఉందనుకుంటాడు. ఇది మందు పని అని, ఇలాగే ఎంతోమందికి అవుతుందని తెలిస్తే తట్టుకుంటాడు.

"ఆ వయసులో ఇంకా అవన్నీ ఎందుకు, ప్రాణం ముఖ్యం కదా" అనేవాళ్ళు ఇంకొందరు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను, దాచడమెందుకు. కానీ డెబ్భై ఏళ్ళ మనిషికి కూడా తన ఒళ్ళు తనది. పక్కన పడుకోవడం, చెయ్యి పట్టుకోవడం కూడా ఆ కాపురంలో భాగమే. కోరిక పోతే ప్రేమ పోయినట్టు కాదని ఇద్దరికీ ఎవరో ఒకరు చెప్పాలి. లేకపోతే సిగ్గుతో ఒకరు గోడవైపు, అనుమానంతో ఒకరు ఇంకో గోడవైపు తిరిగి పడుకుంటారు.

ఆపరేషన్ సంగతి. వృషణాలు తీసేసే శస్త్రచికిత్స తప్పేమీ కాదు. సూదితో సమానంగానే పనిచేస్తుంది, చిన్న ఆపరేషన్, ఒక్కసారితో అయిపోతుంది. సూది కొనలేని, మూడు నెలలకోసారి పట్నం రాలేని వాళ్ళకు మన దేశంలో డాక్టర్లు ఇప్పటికీ దాన్నే సూచిస్తుంటారు. అయితే అది వెనక్కి రానిది. సూది ఆపితే కొందరికి నెలల తరువాత హార్మోను తిరిగి రావచ్చు, ఏళ్ళ తరబడి వాడిన పెద్దవాళ్ళకు రాకపోనూవచ్చు. ఏది మేలో డాక్టరు చెప్పాలి, ఏది కావాలో ఆ మనిషి చెప్పాలి. ఖర్చు పెట్టేది కొడుకులే కావచ్చు. నిర్ణయం మాత్రం ఫోన్ స్పీకర్‌లో కొడుకులది కాకూడదు. ఖర్చు సమస్య అయితే ముందు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి ఆరోగ్యశ్రీలో ఏముందో అడగండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆ తలుపులన్నీ తట్టాక, మనసు కష్టపెట్టుకోకుండా తేల్చుకోవాలి.

ఇంట్లో మేము మార్చుకున్నవి కూడా చెబుతాను, ఎవరికైనా పనికొస్తాయని. రాత్రి పడుకునే ముందు వేడి టీ మానేశాం. కారం తగ్గించాను. మిర్చి మార్కెట్ మనిషికి అది పెద్ద శిక్షే, అయినా ఆవిర్లు తగ్గాయి. నూలు బనీన్లు ఆరు కొన్నాం, ఒకటి తలగడ పక్కనే ఉంటుంది. పొద్దున వేయిస్తంభాల గుడి దాకా నడుస్తారు. అలసటకు పడుకోవడం కాదు, కదలడమే మందు అని డాక్టరు కూడా అన్నారు. ఎముకల కోసం కాల్షియం, విటమిన్ డి రాశారు, ఎముకల సాంద్రత పరీక్ష చేయించారు. బాత్రూంలో గోడకు పట్టుకోవడానికి కడ్డీ బిగించాం. ఎముక పలచబడిన మనిషి జారిపడితే అంతే సంగతులు. ఆరు నెలలకోసారి షుగరు చూపిస్తున్నాం. ఆవిర్లు మరీ తట్టుకోలేనంతగా ఉంటే వాటికీ మందులున్నాయి. రొమ్ము నొప్పి, దిగులు కూడా డాక్టరుకు చెప్పుకోవాల్సినవే. అడగడానికి సిగ్గు పడొద్దు. సొంత వైద్యం మాత్రం వద్దు.

ఒక జాగ్రత్త. పీఎస్ఏ తగ్గింది కదా, నొప్పి లేదు కదా అని సూది తేదీ దాటనివ్వకండి. పీఎస్ఏ తగ్గడమంటే జబ్బు పోవడం కాదు, మేత లేక పడుకోవడం. కొందరికి మధ్యలో సూది ఆపి చూస్తారు, కానీ అది డాక్టరు లెక్కపెట్టి చేసే పని, మనం విసుగొచ్చి చేసేది కాదు. ఎముకల దాకా పాకిన జబ్బు చాలామందిలో కొన్నేళ్ళకు ఈ సూదిని కూడా దాటుకుని లేస్తుంది. మామయ్యకు ఈ నిజం తెలుసు, మేమే చెప్పాం. ఇంకేమీ దాచకూడదని ఒట్టు పెట్టుకున్నాం కదా. ఇప్పుడు సూదికి తోడు అబిరాటెరాన్, ఎంజాలుటమైడ్ లాంటి మాత్రలున్నాయి. మొదట్లో సూది ఓడిపోయాకే వాటిని ఇచ్చేవారు. ఇప్పుడు చాలామందికి మొదటి నుంచే కలిపి ఇస్తున్నారు, దానివల్ల ఎక్కువకాలం బతుకుతున్నారని పెద్ద పరీక్షల్లో తేలింది. మామయ్యకు కూడా ఏప్రిల్ తరువాత అబిరాటెరాన్ మొదలైంది. వాటిలో జెనరిక్ రకాలు మన హైదరాబాద్ కంపెనీలు కూడా చేస్తున్నాయి. మీ ఇంట్లో సూది ఒక్కటే నడుస్తుంటే, మాత్ర కూడా అవసరమా అని డాక్టరును అడగడంలో తప్పు లేదు. మేము ఆ ప్రశ్న ఆరు నెలలు ఆలస్యంగా అడిగాం.

2025 మేలో అమెరికా మాజీ అధ్యక్షుడు బైడెన్‌కు ఇదే జబ్బు ఎముకలకు పాకిందని టీవీలో వచ్చింది. ఆయన ఆఫీసే ఆ సంగతి లోకానికి చెప్పింది. హార్మోన్లకు లొంగే రకమని కూడా చెప్పింది. మామయ్య వార్తల ముందు కూర్చుని, "అంత పెద్దాయన నలుగురికి చెప్పుకున్నడు. మనం ఇంట్ల చెప్పుకోకపోతిమి" అన్నారు. అత్తమ్మ పక్కనే బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "ఇప్పటికైన చెప్పుకున్నం కదా" అంది.

నాకు ఇంకో ఆలోచన కూడా వచ్చింది. అత్తమ్మ బావి దగ్గర కూర్చున్న ఆ నాలుగేళ్ళలో నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. ఆమె చిరాకు పడితే గయ్యాళి అత్త అనుకుని మా అమ్మకు ఫోన్లో చెప్పుకుని ఏడ్చాను. ఆమె ఒంట్లో ఏమవుతోందో ఆడదాన్నై ఉండీ అడగలేదు. మామయ్య సూది వచ్చి, ఆ మంట ఒక మగవాడికి అంటుకుంటే తప్ప మా ఇంట్లో దాని పేరు ఎవరూ ఎత్తలేదు. నాకిప్పుడు నలభై ఏడు. నా వంతు దగ్గర్లోనే ఉంది. ఈసారి ముందే మా ఆయనకు, పిల్లలకు చెప్పి పెడుతున్నాను.

మామయ్య పక్క మళ్ళీ లోపలికి మారింది. రాత్రుళ్ళు ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. అత్తమ్మ రెండు దుప్పట్లు కప్పుకుంటుంది. ఎర్ర అట్ట పుస్తకంలో ఇప్పుడు సూది తేదీ పక్కన ఇంకో గడి గీశారు. "రాత్రి ఎన్నిసార్లు" అని రాసి ఉంటుంది. ఆ గడి నింపేది అత్తమ్మ.

మీ ఇంట్లో కూడా ఎవరికైనా ఈ సూది నడుస్తుంటే, దయచేసి ఈ రోజే వాళ్ళావిడను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. మీకు సిగ్గయితే ఇది చదివి వినిపించండి.